పల్లంలో మిగిలేదెంత?

మైపాడు నుంచి నెల్లూరుకు వచ్చినా, కృష్ణపట్నం నుంచి ముత్తుకూరు మీదుగా బయలుదేరినా, కోట నుంచి గూడూరుకు వెళ్ళినా మన తీరప్రాంతంలో బండికి ఎత్తుపల్లాల బాధ లేదు. ఒక పక్క వరి మళ్ళు, మరో పక్క రొయ్యల గుంటలు, నడుమ బల్లపరుపు రోడ్డు. మన పిల్లలు స్టీరింగు పట్టుకోవడం నేర్చే రోజుల్లో వారు ఎక్కే అతిపెద్ద కొండ రైలు పట్టాల మీద కట్టిన వంతెనే. ఆ వంతెన నడినెత్తికి చేరగానే గేరు తీసి న్యూట్రల్‌లోకి నెట్టి, "ఇక ఇది దానంతటదే పోతుంది" అంటూ ఒక చిరునవ్వు నవ్వడం మనలో చాలామందికి అలవాటు. నాలుగు చుక్కల పెట్రోలు మిగిలిందన్న తృప్తి ఆ నవ్వులో ఉంటుంది.

ఈ నెల ఆ తృప్తి గురించే రాయదలిచాము. వంతెన దిగడానికి పట్టేది అర నిమిషం. అక్కడ న్యూట్రల్ వల్ల చెప్పుకోదగ్గ లాభమూ లేదు, పెద్ద ప్రమాదమూ లేదు. కానీ అక్కడ చేతికి పట్టిన అలవాటు బండితోపాటు పడమటికి కూడా ప్రయాణం చేస్తుంది. మన ఇళ్ళలో వియ్యాలు కడపతో ఉన్నాయి, రాజంపేటతో ఉన్నాయి, రాయచోటితో ఉన్నాయి. అటు వెళ్ళాలంటే వెలిగొండలను దాటాలి. రాపూరు నుంచి చిట్వేలికి పోయే ఘాట్ రోడ్డు ఒకటి, ఆత్మకూరు మీదుగా బద్వేలుకు పోయే రోడ్డు మరొకటి. వంతెన మీద నేర్చిన విద్యను అక్కడి మలుపుల్లో ప్రదర్శించేవారిని మేము చూశాము.

మదరసాలో పాఠాలు చెప్పుకునేవారికి ఇంజన్ల గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మా దగ్గర చదివే పిల్లల తండ్రులలో లారీ డ్రైవర్లున్నారు, ఆటో నడిపేవారున్నారు, మెకానిక్కులున్నారు. శుక్రవారం బిడ్డను చూడటానికి వచ్చే తండ్రి చేతిలో అరటిపండ్లతోపాటు గ్రీజు మరక కూడా ఉంటుంది. ఈ వ్యాసంలో మేము చెప్పబోయే సంగతులలో సగం వారి నోట విన్నవే. మిగతా సగం లెక్క కట్టి చూసినవి.

మొదట ఒక న్యాయమైన మాట చెప్పాలి. న్యూట్రల్‌లో పల్లం దిగడం పొదుపు అన్న నమ్మకం పుట్టుకతోనే తప్పు కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో ఇంజన్‌కు పెట్రోలును అందించేది కార్బ్యురేటర్. దానికి బుద్ధి లేదు. ఇంజన్ ఎంత వేగంగా గాలిని పీలిస్తే దాని వెంట అంత పెట్రోలు పోవడమే దాని ధర్మం. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా, గేరులో ఉన్న బండి చక్రాలు ఇంజన్‌ను వేగంగా తిప్పుతూనే ఉంటాయి గనుక పెట్రోలు ఎంతో కొంత లోపలికి పోతూనే ఉండేది. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ నెమ్మదించి తక్కువ తాగేది. కాబట్టి ఆనాటి ఉస్తాదు తన శాగిర్దుకు చెప్పిన మాటలో ఇంధనం వరకు కొంత నిజముంది. ప్రాణం సంగతి అప్పుడూ వేరే లెక్కే.

2000వ సంవత్సరం ప్రాంతంలో మన దేశపు కార్లలో కార్బ్యురేటర్ పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలయ్యాక మోటారు సైకిళ్ళలో కూడా దాదాపు అన్నింటికీ అదే వచ్చింది. ఇప్పుడు పెట్రోలును కొలిచి పోసేది ఒక చిన్న కంప్యూటర్. బండి గేరులో ఉండి, మీరు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి, బండి ఇంకా వేగంగా దొర్లుతూ ఉంటే ఆ కంప్యూటర్‌కు ఒక సంగతి అర్థమవుతుంది: ఇంజన్‌ను తిప్పుతున్నది పెట్రోలు కాదు, చక్రాలు. వెంటనే అది ఇంజెక్టర్లను మూసివేస్తుంది. అప్పుడు ఖర్చయ్యే పెట్రోలు సున్నా. తక్కువ అనడం లేదు, సున్నా అంటున్నాము. వేగం బాగా తగ్గి ఇంజన్ ఆగిపోయే స్థితికి దగ్గరైనప్పుడు మాత్రం మళ్ళీ కొద్దికొద్దిగా పోస్తుంది. డీజిల్ బళ్ళ సంగతి ఇంకా విచిత్రం. పాతకాలపు డీజిల్ పంపులో ఉండే గవర్నర్ కూడా ఇదే పని చేసేది. కాలు తీసి, బండి గేరులో దొర్లుతూ ఉంటే డీజిల్‌ను ఆపేది. అంటే అంబాసిడర్ ఉస్తాదు నేర్పిన పాఠం లారీకి ఆనాడే వర్తించలేదు.

మరి న్యూట్రల్‌లో ఏమవుతుంది? చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోతుంది. ఇక ఇంజన్ తన ప్రాణం తానే నిలుపుకోవాలి. అందుకు పెట్రోలు కావాలి.

వంటింటి భాషలో చెబితే ఇది ఇంకా తేలిక. పప్పు ఉడికాక స్టవ్‌ను సిమ్‌లో పెట్టి వదిలేయడం ఒకటి, గిన్నెలో ఉన్న వేడి చాలునని స్టవ్‌ను కట్టేయడం ఒకటి. న్యూట్రల్ అంటే సిమ్. గేరులో ఉంచి కాలు తీయడం అంటే స్టవ్ కట్టేయడం. సిమ్‌లో మంట చిన్నగా కనబడుతుంది గనుక గ్యాసు ఆదా అవుతోందని అనుకునే గృహిణి మన ఇళ్ళలో ఉండదు. అదే ఇంటి మగవారు ఘాట్ రోడ్డులో బండిని సిమ్‌లో పెట్టి మురిసిపోతున్నారు.

కొంచెం లెక్క వేద్దాం. ఒక చిన్న పెట్రోలు కారు నిలబడి ఊరికే ఇంజన్ ఆడుతూ ఉంటే గంటకు అరలీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువ. ముప్పావు లీటరు అనుకుందాం. పది కిలోమీటర్ల ఘాట్‌ను గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దిగడానికి 20 నిమిషాలు పడుతుంది. ఆ 20 నిమిషాలూ న్యూట్రల్‌లో దిగినవాడు పావు లీటరు పెట్రోలు కాల్చాడు. గేరులో దిగినవాడు దాదాపు ఏమీ కాల్చలేదు. పొదుపు చేశానని నవ్వినవాడే పాతిక రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టాడు.

కొత్త కార్లలో అప్పటికప్పుడు మైలేజీ చూపించే అంకె ఒకటి ఉంటుంది. మోసం అక్కడే జరుగుతోందని మాకు ఒక మెకానిక్ సోదరుడు చూపించాడు. న్యూట్రల్‌లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే పైన మేము చెప్పిన లెక్క ప్రకారమే లీటరుకు యాభై కిలోమీటర్లకు పైగా అంకె పడుతుంది. మామూలుగా పద్దెనిమిదో ఇరవయ్యో చూసే కంటికి యాభై కనబడితే సంబరమే. అదే పల్లంలో గేరులో ఉంచి కాలు తీస్తే కొన్ని బళ్ళలో అంకె 99.9 దగ్గర నిలబడిపోతుంది, ఎందుకంటే సున్నా పెట్రోలుకు మైలేజీ ఎంతని చూపించడానికి దానికి అంకెలు చాలవు. చాలామంది యాభై చూసి అక్కడితో ఆగిపోయారు గాని, రెండో ప్రయోగం చేయలేదు.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, అది గట్టి వాదనే. వాలు మరీ స్వల్పంగా ఉన్నచోట గేరులో కాలు తీస్తే బండి నెమ్మదించి ఆగబోతుంది, మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కాలి. న్యూట్రల్‌లో అయితే అదే వాలులో చాలా దూరం దొర్లుతుంది కదా అంటారు. నిజమే. తెలిసీ తెలియని వాలులో న్యూట్రల్ ఒకటి రెండు చెంచాల పెట్రోలు మిగల్చవచ్చు. కానీ అటువంటి చోట పై గేరులో ఉంచి, కాలిని తేలికగా ఆనించి పోతే వచ్చే ఖర్చుకూ దానికీ తేడా లెక్కలోకి రానంత చిన్నది. ఆ చెంచాల కోసం చేతికి నేర్పిన అలవాటు, వాలు నిజంగా నిటారుగా ఉన్నచోట చెయ్యిని అడగకుండానే గేరు తీసేస్తుంది. మా అభ్యంతరం అక్కడ.

నిటారు వాలులో ఏమి జరుగుతుందో ఇప్పుడు చూద్దాం. కొండ ఎక్కేటప్పుడు మనం కాల్చిన ఇంధనం బండిలో ఎత్తు రూపంలో దాగి ఉంటుంది. దిగేటప్పుడు అదంతా వేగం రూపంలో బయటికి వస్తానంటుంది. దాన్ని ఆపాలంటే ఎక్కడో ఒకచోట వేడిగా మార్చాలి. గేరులో ఉంటే ఆ భారంలో పెద్ద వాటాను ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో మొత్తం భారం బ్రేకుల మీదే. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగిందనుకుంటే, బ్రేకుల దగ్గర పుట్టే వేడి ఒక బిందెడు నీళ్ళను, అంటే సుమారు 12 లీటర్లను, మరిగించడానికి సరిపోతుంది. సరుకుతో కలిపి 25 టన్నులున్న పది చక్రాల లారీకి అదే లెక్క వేస్తే 250 లీటర్ల నీళ్ళు. వలీమా వంటలో పొయ్యిమీద ఎక్కించే పెద్ద దేగ్‌లను తలచుకోండి. రెండు మూడు దేగ్‌ల ఎసరు మరిగే వేడి, అరచేతి మందం లేని బ్రేకు లైనర్లలో.

లైనరు అంత వేడెక్కినప్పుడు డ్రమ్మును పట్టే గుణం కోల్పోతుంది. పెడల్ తొక్కితే తొక్కినట్టే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని మనం పత్రికల్లో చదివే ఘటనలలో కొన్ని ఇలాంటివే. బ్రేకు చెడిపోలేదు. దాని శక్తికి మించిన బరువు దాని మీద పెట్టారు. అప్పుడు డ్రైవరు గేరు వేయబోతాడు. అప్పటికే వేగం చేయి దాటిపోయి ఉంటుంది. బరువుతో పరుగెత్తే లారీ చిన్న గేరులోకి ఇక రానంటుంది. న్యూట్రల్‌లోకి వెళ్ళడం ఒక వేలితో అయ్యే పని, తిరిగి రావడం ప్రతిసారీ కుదిరేది కాదు.

ఇంకా ముందుకు పోయి తాళం చెవి తిప్పి ఇంజన్‌నే ఆపేసేవారున్నారు. ఇంజన్ నడుస్తున్నంతసేపే కారులో బ్రేకు బూస్టర్‌కు బలం. ఆగాక రెండు మూడు సార్లు తొక్కేసరికి నిల్వ ఉన్న బలం అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. తాళం చెవి ఇంకాస్త వెనక్కి తిప్పితే స్టీరింగే లాక్ అయ్యే బళ్ళున్నాయి. లారీలో గాలి బ్రేకులకు గాలిని నింపేది ఇంజన్‌తో తిరిగే కంప్రెసర్. ఇంజన్ ఆపి పదే పదే బ్రేకు తొక్కితే ట్యాంకులో గాలి తరుగుతుందే గాని నిండదు.

2022 నవంబరు 20 రాత్రి పూణె దగ్గర నవలే వంతెన మీద ఒకే ఒక భారీ వాహనం పల్లంలో అదుపు తప్పి నలభైకి పైగా వాహనాలను దెబ్బతీసింది. ఇంధనం మిగల్చడానికి డ్రైవరు ఇంజన్ ఆపి దిగాడని పోలీసులు అప్పట్లో చెప్పారు. తమిళనాడులో ధర్మపురి దగ్గర తోప్పూరు ఘాట్ ఉంది. బెంగళూరు నుంచి సేలం వెళ్ళే జాతీయ రహదారిలో అది పేరుమోసిన పల్లం. అక్కడ జరిగే లారీ ప్రమాదాలకు చెప్పే కారణాలలో న్యూట్రల్‌లో దిగడం ఎప్పుడూ ముందు వరుసలో ఉంటుంది.

అంత దూరం వెళ్ళనవసరం లేదు. రెండేళ్ళ క్రితం ఒక నికాహ్‌కు మేము పదకొండు మందిమి అద్దె వ్యానులో చిట్వేలి వైపు వెళ్ళి, అస్ర్ దాటాక రాపూరు ఘాట్ మీదుగా తిరిగి వస్తున్నాము. కుర్రాడు మంచివాడే, మా తీరంవాడే. కొండ నెత్తి దాటగానే గేరు తీశాడు. అటూ ఇటూ అడవి, మలుపు వెనుక మలుపు, కాలు బ్రేకు మీద నుంచి కదలడం లేదు. కొంతసేపటికి కాలిన వాసన వచ్చింది. వెనుక కూర్చున్న స్త్రీలు ముందుగా పసిగట్టారు. పెళ్ళివారిలో ముప్పై ఏళ్ళు లారీ తోలి మానేసిన ఒక పెద్దాయన ఉన్నారు. "పక్కకు తీసి ఆపు నాయనా" అన్నారు ఆయన, గొంతు పెంచకుండా. ఆపాక కుర్రాడు నీళ్ళ సీసా తీసుకుని చక్రం మీద పోయబోయాడు. పెద్దాయన చెయ్యి పట్టుకున్నారు. కాలుతున్న డ్రమ్ము మీద చన్నీళ్ళు పడితే పగులుతుందట. అరగంట ఊరికే కూర్చున్నాము. మగ్రిబ్ అక్కడే చదువుకున్నాము.

"హజ్రత్, దిగుడులో కూడా డీజిల్ కాల్చమంటారా?" అని ఆ కుర్రాడు మమ్మల్ని అడిగాడు, తప్పు చేసినవాడిలా కాదు, నిజంగా అర్థం కాక. అతనికి ఎవరూ చెప్పలేదు. అతని మామ అతనికి అలాగే నేర్పాడు, ఆ మామకు ఇంకొకరు. పెద్దాయన రెండో గేరు వేయించి, "ఇప్పుడు రెండు కాళ్ళూ తీసేయ్, చూడు" అన్నారు. ఇంజన్ గుర్రుమంది, బండి తనంతట తానే పట్టుకున్నట్టుగా దిగింది. మలుపుల దగ్గర మాత్రమే బ్రేకు అవసరమైంది. ఇంజన్ అంత శబ్దం చేస్తే డీజిల్ తాగుతున్నట్టే గదా అని కుర్రాడి అనుమానం. ఆ శబ్దమే చాలామందిని మోసగించేది. అది తాగుతున్న శబ్దం కాదు, మోస్తున్న శబ్దం.

ఏ గేరులో కొండ ఎక్కుతామో అదే గేరులో దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. నేటి కార్లకు బలం ఎక్కువ గనుక ఎక్కేటప్పటి గేరు కంటే ఒకటి తక్కువైనా తప్పులేదు. గేరు మార్చవలసింది కొండ నెత్తిన, పల్లంలోకి వాలక ముందే. బ్రేకును ఎడతెగకుండా నొక్కిపట్టి ఉంచకూడదు. అవసరమైనచోట గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి, వదిలి, దానికి చల్లారే వ్యవధి ఇవ్వాలి. ఆటోమేటిక్ కార్లున్నవారు డీ అక్షరం దగ్గరే వదిలేయకుండా, ఎల్ అనో 2 అనో ఎస్ అనో బండిని బట్టి ఉండే కింది స్థానానికి మార్చుకోవాలి. ఆటోమేటిక్‌ను ఎన్‌లో పెట్టి దొర్లిస్తే గేరుబాక్సుకే చేటు. లారీలకు ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే దాన్ని వాడటానికి పిసినారితనం పనికిరాదు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. దిగడానికే ఎక్కువ సమయం ఎందుకో ఇప్పుడు పాఠకులకు విడమరచి చెప్పనవసరం లేదు. ఇరుకు కొండదారిలో ఎదురుపడితే దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారి ఇవ్వాలని మన దేశపు రహదారి నిబంధనలలోనే ఉంది. న్యూట్రల్‌లో ఉన్నవాడు ఎలా ఆగుతాడు?

పెట్రోలు మిగల్చడం చిన్న విషయమని మేము అనడం లేదు. లీటరు నూరు రూపాయలు దాటిన రోజుల్లో, నెలకు పన్నెండు వేలతో ఇల్లు గడిపే ఆటో సోదరుడికి పది రూపాయలు కూడా లెక్కే. దుబారా చేయకూడదని పిల్లలకు మేము రోజూ చెప్పేదే. వజూ చేసే నీటినే లెక్కగా వాడమన్నవారు పెట్రోలును పారబోయమంటారా? అయితే మిగిలే చోట మిగల్చాలి. పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన కేంద్ర సంస్థ పీసీఆర్ఏ ఏళ్ళ తరబడి చెబుతున్నది గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నిలకడగా నడపమని. టైర్లలో గాలి తగ్గితే ప్రతి కిలోమీటరుకూ సుంకం కడుతున్నట్టే. ఎవరినైనా ఎక్కించుకోవడానికి పది నిమిషాలు ఇంజన్ ఆడిస్తూ నిలబడటం, డిక్కీలో నెలల తరబడి బస్తాలు మోయడం, ముందు ఎర్ర దీపం కనబడుతున్నా చివరి దాకా యాక్సిలరేటర్ తొక్కి ఆపైన బ్రేకు వేయడం, ఇవన్నీ పారబోతలే. పల్లంలో కూడా మిగులు ఉంది. అది కొండ నెత్తికి ఇంకా కొంచెం దూరం ఉండగానే కాలు సడలించడంలో ఉంది. నెత్తి దాకా ఉరికించి, దాటాక బ్రేకు వేసేవాడు ఎక్కేటప్పుడు కొన్న ఎత్తును దిగేటప్పుడు వేడిగా మార్చి గాలికి వదిలేస్తున్నాడు. ఇప్పుడు మన వీధుల్లో తిరుగుతున్న కరెంటు బళ్ళు మాత్రం ఆ ఎత్తులో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీలోకి తోడుకుంటాయి. పల్లంలో నిజంగా సంపాదించే బండి అదొక్కటే.

ఇక చివరి సంగతి, యజమానులతో. కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైన కొత్తలో బళ్ళారి నుంచి ఇనుప ఖనిజం లారీలు బారులు తీరి వచ్చేవి. బళ్ళారి ప్రాంతం సముద్ర మట్టానికి 450 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. కాబట్టి నిండు లారీ మొత్తం మీద దిగుతూ వచ్చేది, ఖాళీ లారీ ఎక్కుతూ పోయేది. 2010లో కర్ణాటక ఎగుమతులను నిషేధించాక, మరుసటి ఏడాది బళ్ళారి గనుల మీద సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక ఆ బారు పలచబడింది. కానీ ఆ రోజుల్లో స్థిరపడిన ఒక పద్ధతి కొందరిలో మిగిలిపోయింది. ట్రిప్పుకు ఇంత డీజిల్ అని గిరి గీయడం, అంతకు మించితే డ్రైవరు బత్తాలో కోయడం, మిగిలితే అతనికే వదలడం. కాగితం మీద అది న్యాయంగానే కనబడుతుంది. ఘాట్‌లో మాత్రం అది డ్రైవరు చేతిని గేరు రాడ్ మీద నుంచి తప్పించే పద్ధతి. న్యూట్రల్ వల్ల డీజిల్ మిగలదని అతనికి తెలియదు. బత్తా తెగుతుందన్నది మాత్రం బాగా తెలుసు. ఆ రాత్రి పల్లంలో ఏమైనా జరిగితే తలుపు తట్టేది యజమాని ఇంటిని కాదు. మా దగ్గర చదివే పిల్లలలో అటువంటి తలుపు చప్పుడు విన్నవారున్నారు. అందుకే ఈ విషయంలో మేము డ్రైవరును నిందించే ముందు ఖాతా పుస్తకం చూడమంటాము.

రెండు లారీలున్న ఒక సోదరుడితో ఈ మధ్య జుమా తర్వాత ఇదే మాట్లాడాము. ఆయన మొదట ఒప్పుకోలేదు. "మా డ్రైవర్లు ఇరవై ఏళ్ళుగా అలాగే దిగుతున్నారు, మౌలానా సాబ్. మైలేజీ వస్తోంది కదా" అన్నారు. అయితే ఒక పని చేయండి, ఒకే డ్రైవరు, ఒకే లారీ, ఒకే బరువు, ఒక నెల న్యూట్రల్ లేకుండా నడిపించి డీజిల్ కొలవండి అన్నాము. నెల తిరిగాక ఆయనే ఫోను చేశారు. డీజిల్ పెరగలేదట. ఆయనకు ఆశ్చర్యం కలిగించింది అది కాదు. బ్రేకు లైనర్ల అరుగుదల సగానికి సగం తగ్గినట్టుందని మెకానిక్ చెప్పాడట. లైనర్ల ఖర్చు ఇన్నేళ్ళూ వేరే పద్దులో రాసుకున్నారు గనుక న్యూట్రల్ ఖరీదు ఆయన కంటబడలేదు. ఇప్పుడు వెలిగొండలు దాటే ట్రిప్పులకు డీజిల్ గిరి తీసేశారు. రెండో లారీ డ్రైవరు మాత్రం ఇంకా నమ్మడం లేదని, వచ్చే వారం అతనితో కలిసి ఆత్మకూరు దాకా తామే వెళ్తున్నామని చెప్పారు.